1962 ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు

1962 ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆడి స్వర్ణపతకాన్ని గెలుచుకొన్నది. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో భారతదేశం దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇది రెండవ స్వర్ణం. మొదటిది 1951లో న్యూఢిల్లీలో లభించింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడల వరకు మరొక స్వర్ణం రాలేదు.

ఈ జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. నాయకుడు చునీ గోస్వామి. పోటీల మధ్యలో వెనుక వరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు తీవ్రమైన గాయమైంది. కుట్లు పడిన తలతో అతడు తిరిగి రావడం, అతడు లేని రక్షణ శ్రేణిని ఉన్న కొద్దిమంది ఆటగాళ్ళతోనే నిలబెట్టడం ఈ విజయంలో ముఖ్యమైన ఘట్టాలు.

హైదరాబాదు నేపథ్యం

రహీం 1909 ఆగష్టు 17న హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని విశ్వవిద్యాలయ జట్టులో ఆడాడు. పాతబస్తీలో మూసీనది దక్షిణపు ఒడ్డున, ఉన్నత న్యాయస్థానానికి సమీపంలో ఉన్న సిటీ కళాశాలలో చదువుతున్నవారు, పూర్వ విద్యార్థులు కలిసి ఏర్పరచుకొన్న ఎలెవెన్ హంటర్స్ జట్టులోనూ, స్థానిక లీగులో కమర్ క్లబ్బు తరఫునా ఆడాడు. పట్టభద్రుడైన తరువాత కాచిగూడ, చాదర్‌ఘాట్, దారుల్ ఉలూమ్ మొదలైన పాఠశాలలలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాల క్రీడల బాధ్యతను కూడా చేపట్టాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు.

1950లో రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరాలలో సాధించింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటి ఆటగాళ్ళు ఈ జట్టు నుండే భారత జట్టులోకి వెళ్ళారు.

రహీం హైదరాబాదులో కొన్ని ప్రత్యేకమైన పోటీలను నిర్వహించేవాడు. కొన్నింటిలో బంతిని తన దగ్గర ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకొంటూ పోవడం నిషిద్ధం. బంతి అందగానే తోటి ఆటగాడికి ఇవ్వాలి. మరికొన్నింటిలో ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలి. ఒక కాలితో మాత్రమే ఆడగలవాడు మైదానంలో ఒక పక్కకే పరిమితమౌతాడు. రెండు కాళ్ళూ అలవడినవాడిని కుడి నుండి ఎడమకు మార్చినా ఆట చెడదు. అందిన బంతిని వెంటనే వదలడం నేర్చుకొన్నవాడు కొత్త స్థానంలో నిలబడినా తోటివారితో సులభంగా కలిసిపోతాడు. ఈ సాధన ప్రయోజనం జకార్తాలో కనిపించింది.

ప్రత్యామ్నాయ ఆటగాళ్ళు లేని కాలం

ఈనాటి ప్రేక్షకులకు 1962 నాటి ఇబ్బంది సులభంగా బోధపడదు. ప్రపంచ కప్పులో ఆట మధ్యలో ఆటగాడిని మార్చడానికి మొదటిసారిగా 1970లో అనుమతి లభించింది. 2022 నుండి ఒక మ్యాచ్‌లో ఐదుగురిని మార్చే వీలు నియమావళిలో స్థిరపడింది. అంతకు ముందు కాలంలో గాయపడినవాడు కుంటుతూనైనా ఆడాలి, లేకుంటే జట్టు పదిమందితో మిగిలిపోవాలి. అందువలన ఒక జట్టు లోతు బయట కూర్చున్నవారి సంఖ్యను బట్టి కాక, మైదానంలో ఉన్నవారు ఎన్ని స్థానాలలో ఆడగలరన్న దానిని బట్టి తెలిసేది.

భారత జట్టులో మొత్తం పదహారు మంది ఆటగాళ్ళు ఉన్నారు. పీటర్ తంగరాజ్, ప్రద్యుత్ బర్మన్ గోల్‌కీపర్లు. చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్, జర్నైల్ సింగ్ వెనుక వరుస ఆటగాళ్ళు. రామ్ బహదూర్, ప్రశాంత సిన్హా, ఫ్రాంకో మధ్య వరుసలో ఆడేవారు. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్, అఫ్జల్, ఎతిరాజ్, అరుమైనాయగం మిగిలినవారు. నలుగురు రక్షకులలో ఒకరు తగ్గితే శిక్షకుడి ఎదుట ఉన్న మార్గాలు చాలా తక్కువ.

వీరిలో బలరాం సికింద్రాబాదు ప్రాంతం వాడు. యూసుఫ్ ఖాన్ హైదరాబాదు వాడు. తంగరాజ్ కూడా హైదరాబాదులోనే జన్మించాడు.

జర్నైల్ సింగ్

జర్నైల్ సింగ్ 1936లో, ప్రస్తుతం పాకిస్తాన్‌లో ఉన్న లయాల్‌పూర్ ప్రాంతంలో జన్మించాడు. దేశవిభజన సమయంలో అతని కుటుంబం భారతదేశానికి తరలివచ్చింది. పంజాబులోని మాహిల్‌పూర్ ఖాల్సా కళాశాల జట్టులో ఆడి పేరు తెచ్చుకొన్నాడు. తరువాత కలకత్తాలో రాజస్థాన్ క్లబ్బుకు, 1959 నుండి మోహన్ బగాన్‌కు ఆడాడు. వెనుక వరుస మధ్యలో నిలిచి ప్రత్యర్థి ముందు వరుసను అడ్డుకొనే స్టాపర్ స్థానం అతనిది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కూడా భారత్ తరఫున ఆడాడు.

పోటీల క్రమం

ఫుట్‌బాల్ పోటీలలో ఎనిమిది జట్లు రెండు వర్గాలుగా పాల్గొన్నాయి. భారత్ వర్గంలో దక్షిణ కొరియా, థాయిలాండ్, జపాన్ ఉన్నాయి. భారత జట్టు ఫలితాలు ఇవి:

- ఆగష్టు 26: దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి
- ఆగష్టు 28: థాయిలాండ్‌పై 4-1తో గెలుపు
- ఆగష్టు 29: జపాన్‌పై 2-0తో గెలుపు
- సెప్టెంబరు 1 (సెమీఫైనల్): దక్షిణ వియత్నాంపై 3-2తో గెలుపు
- సెప్టెంబరు 4 (ఫైనల్): దక్షిణ కొరియాపై 2-1తో గెలుపు

మొదటి మ్యాచ్‌లో ఓడిపోవడం వలన మిగిలిన రెండు వర్గ మ్యాచ్‌లూ జట్టుకు కీలకమయ్యాయి. థాయిలాండ్‌పై గెలుపు సులభంగానే లభించినా దానికి చెల్లించిన మూల్యం పెద్దది. ఈ ఆటలోనే జర్నైల్ సింగ్ తలకు గాయమై ఆరు కుట్లు పడ్డాయి. జపాన్‌తో జరిగిన మ్యాచ్‌లో అతడు ఆడలేదు. బెనర్జీ, బలరాం చెరొక గోల్ చేయగా, స్టాపర్ లేని వెనుక వరుస జపాన్‌కు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

గాయపడిన ఆటగాడి పునరాగమనం

సెమీఫైనల్ నాటికి రహీం ఎదుట రెండు ప్రశ్నలు నిలిచాయి. జర్నైల్‌ను తిరిగి ఆడించాలా? ఆడిస్తే ఏ స్థానంలో? స్టాపర్ ప్రతి ఎత్తు బంతికీ తలతో పోరాడాలి. పరుగెత్తి వచ్చే ఫార్వర్డులను శరీరంతో ఢీకొనాలి. పచ్చి కుట్లు ఉన్న తలతో ఇది ప్రమాదకరం. జట్టుకు కూడా నష్టమే, ఎందుకంటే వెనుక వరుసలో ఒక్క తడబాటు నేరుగా గోల్ అవుతుంది.

రహీం జర్నైల్‌ను ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డుగా ఆడించాడు. వెనుక అతని స్థానాన్ని అరుణ్ ఘోష్‌కు అప్పగించాడు. కుడివైపు చంద్రశేఖర్, ఎడమవైపు త్రిలోక్ సింగ్ నిలిచారు. జపాన్‌పై కుదురుకొన్న రక్షణ శ్రేణిని మరల కదల్చవలసిన పని ఈ ఏర్పాటు వలన తప్పింది. జర్నైల్ శరీర దారుఢ్యం ముందు వరుసకు అదనపు బలమైంది. సెంటర్ ఫార్వర్డు కూడా ఎత్తు బంతులకు ఎగరవలసినవాడే. కనుక జర్నైల్‌కు ప్రమాదం పూర్తిగా తొలగలేదు. అయితే ముందు వరుసలో ఉన్నవాడు వెనక్కు తగ్గితే జట్టు ఒక అవకాశాన్ని కోల్పోతుంది. రక్షకుడు వెనక్కు తగ్గితే జట్టు గోల్‌ను కోల్పోతుంది.

సెమీఫైనల్లో చునీ గోస్వామి రెండు గోల్స్, జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశారు. దక్షిణ వియత్నాం రెండు గోల్స్ చేసినందువలన జర్నైల్ గోల్ విలువ తేటతెల్లమైంది.

ఫైనల్

ఆ క్రీడల నిర్వహణ రాజకీయ వివాదంలో చిక్కుకొన్నది. ఇజ్రాయిల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. ఈ కారణంగా వీటిని ఆసియా క్రీడలుగా గుర్తించరాదని భారత క్రీడా ప్రముఖుడు గురుదత్ సోంధీ వాదించాడు. దీనితో జకార్తాలో భారత వ్యతిరేక నిరసనలు చెలరేగాయి, భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. ఫైనల్ రోజున సెనాయన్ మైదానం నిండిన ప్రేక్షకులలో అత్యధికులు భారత జట్టును ఎగతాళి చేశారు. హాకీ స్వర్ణం గెలిచిన పాకిస్తాన్ ఆటగాళ్ళు మాత్రం భారత జట్టును ప్రోత్సహించారని ఆనాటి ఆటగాళ్ళు తరువాతి కాలంలో చెప్పారు.

జట్టు ఆరోగ్యం కూడా అంతంతమాత్రమే. త్రిలోక్ సింగ్ కాలివేలి గాయంతో ఆడాడు. సెమీఫైనల్లో బర్మన్ గోల్‌ను కాపాడగా, జ్వరం నుండి కోలుకొన్న తంగరాజ్ ఫైనల్లో తిరిగి వచ్చాడు. కొరియన్ల ఎత్తు బంతులను అందుకోవడానికి ఆజానుబాహువైన తంగరాజ్ అనువైనవాడు. ఫైనల్లో ఆడిన పదకొండుగురు: తంగరాజ్, చంద్రశేఖర్, అరుణ్ ఘోష్, త్రిలోక్ సింగ్, ఫ్రాంకో, ప్రశాంత సిన్హా, పి.కె.బెనర్జీ, యూసుఫ్ ఖాన్, జర్నైల్ సింగ్, చునీ గోస్వామి, బలరాం.

17వ నిముషంలో బెనర్జీ మొదటి గోల్ చేశాడు. మూడు నిముషాల తరువాత జర్నైల్ సింగ్ రెండవ గోల్ చేశాడు. అక్కడినుండి భారం వెనుక వరుసపై పడింది. తొమ్మిది రోజుల క్రితం ఇదే ప్రత్యర్థికి రెండు గోల్స్ సమర్పించుకొన్న భారత్, ఈసారి తన ప్రధాన స్టాపర్‌ను ముందు వరుసలో ఉంచి కూడా 85వ నిముషం వరకు ఒక్క గోల్ ఇవ్వలేదు. ఆ తరువాత కొరియా ఒక గోల్ చేసినా ఫలితం మారలేదు. కాంస్యపతకం మలయాకు దక్కింది.

ఫలితము, ప్రభావము

అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న మరణించాడు. జకార్తా ఆయనకు చివరి ఆసియా క్రీడలయ్యాయి. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్స్ భారత జట్టు సభ్యుడు, తరువాత అంతర్జాతీయ రెఫరీ. హకీం 2021 ఆగష్టులో మరణించాడు. రహీం జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం 2024లో విడుదలైంది.

జకార్తా జట్టు సభ్యులకు అర్జున పురస్కారం దాదాపు ఒక వరుసలో లభించింది. 1961లోనే బెనర్జీ దానిని అందుకోగా, 1962లో బలరాం, 1963లో చునీ గోస్వామి, 1964లో జర్నైల్ సింగ్, 1965లో అరుణ్ ఘోష్, 1966లో యూసుఫ్ ఖాన్, 1967లో తంగరాజ్ పొందారు. గాయపడి తిరిగి వచ్చినవాడికీ, అతని స్థానాన్ని కాపాడినవాడికీ వరుస సంవత్సరాలలో ఈ గౌరవం దక్కడం గమనార్హం. జర్నైల్ సింగ్ తరువాత భారత జట్టుకు నాయకత్వం వహించాడు. 2000 అక్టోబరులో కెనడాలో మరణించాడు. యూసుఫ్ ఖాన్ 2006లో, తంగరాజ్ 2008లో, బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

రక్షకులను అందించే హైదరాబాదు సంప్రదాయం రహీంతో ఆగిపోలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యపతకం గెలిచిన భారత జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదుకు చెందిన వెనుక వరుస ఆటగాడే.

నేటి దృష్టిలో

ఆరు కుట్లు పడిన ఆటగాడిని నాలుగు రోజులలోనే మైదానంలోకి దింపడాన్ని ఆ కాలంలో ధైర్యంగా మెచ్చుకొన్నారు. తల గాయాల విషయంలో నేటి వైద్యుల దృష్టి వేరు. కంటికి కనిపించే గాయం మానినా మెదడుకు తగిలిన అదురు మానకపోవచ్చు. అది మానకముందే రెండవ దెబ్బ తగిలితే ప్రమాదం ఎక్కువ. తలకు దెబ్బ తగిలినవారి కోసం అదనపు ప్రత్యామ్నాయ ఆటగాడిని అనుమతించే ప్రయోగాలు 2021లో ప్రారంభమయ్యాయి. 2024 నుండి పోటీల నిర్వాహకులు కోరుకొంటే అమలు చేయగల నిబంధనగా అది నియమావళిలో చేరింది.

కనుక జర్నైల్ సింగ్ పునరాగమనాన్ని నేటి ఆటగాళ్ళు అనుసరించవలసిన పద్ధతిగా భావించరాదు. జకార్తా జట్టు నుండి నేటికీ గ్రహించదగినది రక్షణ శ్రేణి కూర్పు. ప్రధాన ఆటగాడు లేని రోజున అతని స్థానంలో నిలబడగలవాడిని పోటీలకు ముందే తయారుచేసి ఉంచడం వలన, గాయపడినవాడిని అతని పాత స్థానానికే లాగవలసిన అవసరం ఆ జట్టుకు కలుగలేదు.