ఏడంకెల నంబరూ, పాశర్లపూడి మంటా

జార్జ్ టౌన్‌లో ఆదివారం సాయంత్రాలు ఎస్ప్లనేడ్ గోడ మీద కూర్చుని ఓడల్ని చూడటం నాకలవాటు. (ప్రాజెక్టు పుణ్యమా అని వచ్చిపడ్డ ఊరు లెండి!) పెద్ద ఓడల వెనక ఏడంకెల ఐఎంఓ నంబరుంటుంది. 1987లో మొదలై, 1996 నుంచి తప్పనిసరైంది. పేరూ, జెండా, యజమానీ మారినా నంబరు మారదు. చమురు తవ్వే డ్రిల్‌షిప్పులకీ అంతే. ఈక్వాసిస్ అనే ఉచిత డేటాబేసులో ఆ నంబరు కొడితే పాత పేర్లన్నీ బయటపడతాయి.

ఆ ఊపులో నా చిన్నప్పటి రిగ్గుని కూడా అందులోనే వెతికాను. 1995 జనవరి 8న అమలాపురం దగ్గర పాశర్లపూడి 19వ నంబరు బావిలో గ్యాసు ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. హ్యూస్టన్ నుంచి నిపుణులొచ్చాక, మార్చి 15కి అదుపులోకొచ్చింది. అమ్మమ్మగారి డాబా మీద నుంచి రాత్రిళ్ళు ఆ వెలుగు చూస్తూ పడుకునేవాళ్ళం.

ఫలితం సున్నా. ఎందుకుంటుంది, నా మొహం! అది నేల మీది రిగ్గు. ముక్కలుగా లారీలెక్కి వచ్చేదానికి ప్రపంచమంతా ఒప్పుకున్న నంబరేదీ లేదు. బావుల సమాచారానికైతే 2017లో భారత ప్రభుత్వం తెరిచిన నేషనల్ డేటా రిపాజిటరీ ఉంది. అక్కడ వెతకాల్సింది బావి పేరుతో, రిగ్గు పేరుతో కాదు.

నాన్నకి ఫోన్ చేసి ఆ రిగ్గు పేరేమైనా గుర్తుందా అనడిగాను.

"పేరెవడు చూశాడ్రా! గేదెల పలుపులు విప్పి పరిగెట్టడమే సరిపోయింది," అన్నారు.