రాట్నమును ఆవిరియు

నెల్లూరు సీమలో పులికాటు సరస్సు చెంతనున్న దుగరాజపట్టణము నేడొక పల్లె. 1626లో ఆంగ్ల వర్తకులు అచట వర్తకశాల కట్టి దానిని ఆర్మగాన్ అని పిలిచిరి. 1639లో చెన్నపట్టణపు స్థలమును సంపాదించిన ఫ్రాన్సిస్ డే ఇచటి అధికారియే. అంతదూరము వారిని రప్పించినది మన బట్ట. రెండు శతాబ్దములు గడచుసరికి ఓడలు బట్టను ఎదురుదిక్కుగా మోయసాగినవి.

ఇదంతయు కంపెనీవారి దౌర్జన్యఫలమని చెప్పుట మనకు అలవాటు. అన్యాయము లేకపోలేదు. 1700లోను 1721లోను ఆంగ్లశాసనసభ మన అద్దకపు బట్టలను అడ్డగించినది. అయినను ఆ శాసనములు తమ దేశపు వాకిలిని మూయగలవే కాని, మన సంతలో మన నూలుకంటె తమ నూలును చౌకగా అమ్మింపలేవు. ఆ పని చేసినవి యంత్రములు.

నూరు పౌనుల ప్రత్తిని నూలుగా వడకుటకు మన రాట్నముపై 50,000 గంటలకు మించి పట్టునని చరిత్రకారుల లెక్క. 1779లో క్రాంప్టన్ నిర్మించిన మ్యూలు అను యంత్రముపై అది 2,000 గంటలకు దిగినది. 1795 నాటికి, బాహ్యశక్తి తోడైన మ్యూలుపై 300 గంటలు మాత్రమే. చేతినేర్పు ఎంత గొప్పదైనను ఈ లెక్కకెదురు నిలువలేదు.

ఆ శక్తి మొదట ఏటినీటిది. 1771లో ఆర్క్‌రైటు క్రాంఫర్డులో నెలకొల్పిన మిల్లు నీటిచక్రముతో నడచినది. కావున ఏటియొడ్డును విడువజాలకపోయెను. జేమ్సు వాట్టు కాగుచున్న పాత్రమూత ఎగురుట చూచి ఆవిరియంత్రమును కనిపెట్టెనని మేమును బాలురకు చెప్పియుంటిమి, అది కథ. న్యూకమెన్ యంత్రము 1712 నుండియే గనులలో నీరు తోడుచుండెను. దానిలో ఒకే గొట్టమును మాటిమాటికి కాచి చల్లార్పవలసియుండుటచే బొగ్గు విపరీతముగా ఖర్చగుచుండెను. గనివాకిట బొగ్గు చౌక గనుక అది చెల్లినది. వాట్టు ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చు ఉపాయమునకు 1769లో హక్కుపత్రము పొందెను. 1785లో నాటింగ్‌హామ్ ప్రాంతమున పాపిల్విక్ మిల్లు ఆవిరితో నూలు వడకినది. అటుపిమ్మట మిల్లు ఏటిని వెదకక, బొగ్గు దొరకు పట్టణమునకు పోగలిగెను.

మన తీరమున మొదటి దెబ్బ ఎవరికి తగిలినది? నేతగాని కష్టమును అందరును వ్రాసిరి. అతనికంటె ముందు పడినది రాట్నము త్రిప్పు స్త్రీ. ఇల్లు కదలక, ఎవరిని చేయిచాపి అడుగక వితంతువు నాలుగు కాసులు చూడగలిగిన పని అదియొక్కటి. కార్ట్‌రైటు మరమగ్గము 1785లోనే పుట్టినను చాలకాలము సరిగా నడువలేదు. కావున నేతగానికి కొంత గడువు దొరికినది. అతడు మిల్లునూలు కొని మగ్గము నిలుపుకొనెను. నూలు చౌకయగుట అతనికొకవిధముగా మేలే. వడకు స్త్రీకి అట్టి దారి లేదు. ఆమెకు మరియొక విద్య నేర్పవలెనని నాటి పెద్దలకు తోచలేదు. విధవకు చదువేలయని వాదించుటకు మాత్రము తీరిక యుండెను.

నేడు కృష్ణపట్టణము చెంత ఒక్కొక్కటి 800 మెగావాట్ల యంత్రములు బొగ్గునే కాల్చి, ఆవిరితోనే చక్రములు త్రిప్పి, విద్యుత్తు పుట్టించుచున్నవి. వెంకటగిరిలో చీర ఇంకను చేతిమగ్గముమీదనే నేయబడుచున్నది. పడుగునకును పేకకును నూలు మాత్రము మిల్లులనుండి కట్టలుగా వచ్చుచున్నది.