బ్రతికుండగా అమలయ్యే వీలునామా

మా కామవరపుకోట వైపు వీలునామా వ్రాయించుకోవడం కొత్త సంగతేమీ కాదు. మెట్ట పొలం ఎవరికి, తోట ఎవరికి, కాపురముంటున్న ఇల్లు ఎవరికి అన్నదంతా దస్తావేజు లేఖరి చేత కాగితమెక్కుతుంది. అయితే ఆ కాగితం వ్రాయించినవాడు పోయాకే నోరు విప్పుతుంది. మాట పడిపోయి, ఏలూరులోనో విజయవాడలోనో ఊపిరి యంత్రం మీద గడిపే చివరి రోజుల గురించి అందులో ఒక్క పంక్తీ ఉండదు. ఆ లోటు తీర్చే పత్రానికి అమెరికన్ న్యాయవాది లూయీ కట్నర్ 1969లో 'లివింగ్ విల్' అని పేరు పెట్టాడు. 1976లో కాలిఫోర్నియా దానికి చట్టరూపమిచ్చింది.

తెలుగునాట ఈ ప్రశ్న గట్టిగా వినిపించింది 2004 డిసెంబరులో, హైదరాబాదులో. వెంకటేశ్ చదరంగం ఆటగాడు. వయస్సు 25. కండరాలను క్రమంగా హరించే డుషేన్ వ్యాధి అతణ్ణి ఊపిరి యంత్రం దాకా తెచ్చింది. అవయవాలు చెడిపోకముందే యంత్రం తీసివేసి, వాటిని ఇతరులకు అమర్చాలన్నది అతని కోరిక. తల్లి సుజాత ఆ కోరికతోనే హైకోర్టు గడప ఎక్కింది. కన్నతల్లి అలాంటి అర్జీ మీద సంతకం పెట్టవలసి రావడం కంటె కష్టమేముంటుంది! కోర్టు ఒప్పుకోలేదు. మెదడు పూర్తిగా నిర్జీవమైతే తప్ప అవయవాలు తీయడాన్ని చట్టం అనుమతించదు. వెంకటేశ్ మనస్సు చూస్తే చివరిదాకా నిర్మలంగా ఉన్నది. డిసెంబరు 17న అతడు కన్నుమూశాడు. 2022లో రేవతి తీసిన 'సలాం వెంకీ' ఈ కథే.

ఆ మరుసటి ఏడాది 'కామన్ కాజ్' సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2011లో అరుణా శాన్‌బాగ్ తీర్పు వచ్చింది. 2018 మార్చి 9న ముందస్తు వైద్య నిర్దేశానికి న్యాయస్థానం గుర్తింపునిచ్చింది. ఇచ్చిందన్న మాటే గాని, దాని మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నది. పల్లెటూరి పెద్దాయన అందుకోసం కోర్టు చుట్టూ తిరుగుతాడా? 2023 జనవరి 24న ఆ నిబంధన సడలింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. తన తరఫున మాట్లాడవలసిన ఆప్తుల పేర్లు అందులో వ్రాయాలి. ఆ తరువాత కూడా వైద్యుల మండళ్ళు రెండు పరిశీలించి సమ్మతించాలి.

ఒక్క మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ పత్రం వెంకటేశ్ కోరినదంతా నెరవేర్చేది కాదు. కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాధార చికిత్స వద్దనడానికే ఇది పనికివస్తుంది; బ్రతికున్నవాడి అవయవాలు తీయడానికి కాదు. అతని ప్రశ్నలో సగానికే జవాబు దొరికిందని నా అభిప్రాయం.

పత్రం ప్రతి ఒకటి స్థానిక సంస్థ నియమించిన అధికారి దగ్గర భద్రపరచాలన్నది తీర్పులోని మరో అంశం. ఆ స్థానిక సంస్థల్లో పంచాయతీ కూడా ఉన్నది. అంటే ఇంటిపన్ను పుస్తకాలుండే బీరువాలోనే దీనికీ ఒక అర కేటాయించాలన్న మాట.