విశ్రాంతిదినపు కుండ: యూదుల వంటకములో దాగిన చరిత్ర

నిర్గమకాండము 35:3 విశ్రాంతిదినమున ఇండ్లలో నిప్పు రాజబెట్టుటను నిషేధించుచున్నది. ఈ వచనము వినిన విశ్వాసులు, యూదులు శనివారమున చల్లని కూడు తిని ఉపవాసమువలె ఆ దినమును గడిపిరని ఊహించుకొందురు. యూదుల వంటశాల చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యమిచ్చుచున్నది.

క్రీ.శ. 200 ప్రాంతమున యూదా హనాసీ సంకలనము చేసిన మిష్నాలో, షబ్బాత్ అను భాగపు నాలుగవ అధ్యాయము వేడి వంటకపు కుండను వేటితో కప్పియుంచవచ్చునో వివరించును. బట్టలు, పంట దినుసులు, పావురపు ఈకలు, రంపపు పొట్టు వాడవచ్చును. ఒలీవ పిప్పి, పేడ, ఉప్పు, సున్నము, ఇసుక వాడరాదు. మొదటివి ఉన్న వేడిని నిలుపును, రెండవవి వేడిని అధికము చేయును. శుక్రవారము ప్రొద్దు క్రుంకకముందే వండి కప్పిపెట్టిన కుండ మరునాటికి వేడిగా ఉండుట ఆజ్ఞకు విరోధము కాదని రబ్బీలు తీర్మానించిరి. ‘వేడివి’ అను అర్థమిచ్చు హమ్మీన్ అను మాటయే ఆ వంటకమునకు పేరైనది.

8వ శతాబ్దమున ఇరాక్‌లో అనాన్ బెన్ దావీదు అనుచరులు, తరువాత కరాయీయులు, ఈ తీర్మానమును అంగీకరింపలేదు. ముందు వెలిగించిన దీపము సహితము విశ్రాంతిదినమున మండరాదనిరి. కాబట్టి వేడి కూడు తినుట రబ్బీల బోధకు లోబడుటకు గురుతాయెను. వేడి వంటకము తిననివానిని మతభ్రష్టుడేమోయని అనుమానింపవలెనని 12వ శతాబ్దపు పండితుడు జెరహ్యా హలేవీ వ్రాసెను.

యూదులు చెదరిన దేశములన్నిటికిని ఈ కుండ వెంట వెళ్ళెను. తూర్పు ఐరోపాలో చిక్కుడు గింజలు, బార్లీ, మాంసము, తరువాతి కాలమున బంగాళదుంపలు చేర్చి చోలెంత్ వండిరి. ఆ కుండలను శుక్రవారము ఊరి రొట్టెలవాని పొయ్యిలో ఉంచి, శనివారము ఆరాధన తరువాత ఇంటికి తెచ్చుకొనిరి. బాగ్దాదు యూదులు కోడిలో బియ్యము కూర్చి రాత్రంతయు సన్నని సెగపై ఉంచిరి. వారిలో కలకత్తాలో స్థిరపడినవారు ఆ వంటకమును హమీన్ అనియే పిలిచిరి. స్పెయిన్ యూదులు శనగలు, మాంసము, ఉల్లి, గ్రుడ్లు వేసి అదఫీనా వండిరి. ఆ పేరు ‘పాతిపెట్టినది’ అను అరబీ మాటనుండి వచ్చెను.

స్పెయిన్‌లో ఈ కుండ ప్రాణాపాయము తెచ్చెను. 1478లో పోపు అనుమతితో ఏర్పడిన విచారణ సభ, బాప్తిస్మము పొందిన యూదులలో ఎవరు రహస్యముగా పూర్వాచారములను పాటించుచున్నారో వెదకెను. శుక్రవారమే శనివారపు భోజనము వండుట, శనివారము పొగగొట్టమునుండి పొగ రాకుండుట నేరమునకు సూచనలుగా ప్రకటింపబడెను. పనికత్తెలు, పొరుగువారు సాక్షులైరి. ఆండ్రెస్ బెర్నాల్దెస్ అను గురువు తన చరిత్ర గ్రంథములో వారి అదఫీనాను, నూనెతో, వెల్లుల్లితో వండు పద్ధతిని ఏవగింపుతో వర్ణించెను. బాప్తిస్మము నిరాకరించిన యూదులు 1492లో దేశమునుండి వెళ్ళగొట్టబడిరి. మొరాకో చేరినవారి సంతతిలో దఫీనా నేటికిని వండబడుచున్నది.

దీనినుండి బోధకులమైన మనము రెండు సంగతులు గ్రహింపవలెను. మొదటిది, యెషయా 58:13 విశ్రాంతిదినమును మనోహరమైనదిగా ఎంచుమనుచున్నది. యూదులు ఆ మాటను, నిప్పు నిషేధమును కలిపి చదివిరి. గనుక వారి ధర్మశాస్త్ర ఆచరణను కేవలము భారముగా చిత్రించి ప్రసంగించుట న్యాయము కాదు. రెండవది, పొరుగువాని పొయ్యిని చూచి అతని విశ్వాసమునకు తీర్పు తీర్చినది క్రీస్తు నామము ధరించిన సంఘమే. భోజనమునుబట్టి సహోదరునికి తీర్పు తీర్చవద్దని రోమా 14వ అధ్యాయము బోధించు దినమున, ఈ చరిత్రను కూడ మన సంఘములకు చెప్పుట అవసరము.