వెనక బెంచీ నుంచి బొమ్మల వరుస దాకా

మా కాలంలో మన బడిలో చదువంటే నల్లబల్లే. దానిమీది అక్షరం పట్టుబడనివాడికి వెనక బెంచీ, ఆ తర్వాత గొడ్ల వెంట పోవడం. అలా పోయిన దోస్తు ఒకడు నాకింకా గుర్తు. పని చేసి చూపిస్తే మాత్రం వెంటనే పట్టేసేవాడు.

అలాంటివారికి నేర్పే దారి అప్పటికే ఉంది. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 1972లో మొదలైన 'టీచ్' కార్యక్రమం, ఆటిజం ఉన్నవారికి పనులను బొమ్మల వరుసగా చూపించింది. మనకు దగ్గర్లో, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 1984లో వచ్చింది.

ప్యాకింగ్ పనే తీసుకోండి. పెట్టె విప్పడం, సీసాలు పేర్చడం, మూసి టేపు వేయడం... ఒక్కోదానికి ఒక్కో బొమ్మ. పన్నెండు లెక్కపెట్టడం రాకపోతే పన్నెండు గళ్ల అట్ట ఇస్తారు. గళ్లు నిండితే లెక్క సరి.

మన బొంతపల్లి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో హెల్మెట్, కళ్లద్దాల బొమ్మల బోర్డులుంటాయి. తెలుగు రాని బీహార్, ఒడిశా కార్మికులు వాటిని చూసే నడుచుకుంటారు. అందులో ఎవరికీ నామోషీ లేదు.

చట్టమే ఆలస్యం చేసింది. 1995 చట్టం ప్రభుత్వోద్యోగాల్లో ఇచ్చిన 3 శాతం చూపు, వినికిడి, కదలిక లోపాలున్నవారికే. బుద్ధిమాంద్యం, ఆటిజం ఆ లెక్కలోకి వచ్చింది 2016 చట్టంతో. అప్పటికి మా దోస్తుకు యాభై దాటాయి.