నిడదవోలు ప్రాంతంలో తొలివేసవి వాన: కార్తెల నుండి వారపు వాతావరణ సూచన వరకు

ఏప్రిల్ నెల వచ్చేసరికి నిడదవోలు చుట్టుపక్కల గ్రామాల్లో దాళ్వా వరి కోతకు వస్తుంది. కోసిన పంటలో కొంత చేలో పనలమీద, కొంత కళ్ళాల్లో, కొంత రోడ్ల అంచున పరచిన బరకాలమీద ఉంటుంది. ఈ దశలో రైతుకు కావలసిన సమాచారం ఒక్కటే: ఈ వారంలో వాన పడుతుందా, లేదా? ప్రభుత్వ కొనుగోలు ప్రమాణాల ప్రకారం ధాన్యంలో తేమ 17 శాతానికి మించరాదు. సాయంత్రం పడిన ఒక్క జల్లుతో ఆ హద్దు దాటిపోతుంది. రెండు మూడు రోజులు ముసురు పట్టితే గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. ముందుగానే కౌలు ఒప్పుకొన్న కౌలురైతుకు ఆ నష్టంలో పాలుపంచుకొనేవారు ఉండరు.

చరిత్రదృష్టితో చూస్తే ఈ ప్రశ్న మరీ పాతది కాదు. ఇదే నేలమీద, ఇదే నెలలో పడే వానను ఒకప్పటి రైతు కోరుకున్నాడు. కోరుకున్న వాన భయపెట్టే వానగా ఎప్పుడు, ఎందువల్ల మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కార్తెల కాలమానం

డెల్టా వ్యవసాయానికి ఆధారమైన కాలవిభాగం కార్తె. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలమిది. ఏడాదికి 27 కార్తెలు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో అశ్విని, 27 ప్రాంతంలో భరణి, మే 11 ప్రాంతంలో కృత్తిక, 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశిస్తాయి. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయన్న సామెత ప్రసిద్ధం. అయితే కార్తె చెప్పేది ఒక పక్షం రోజుల సాధారణ స్వభావాన్ని మాత్రమే. ఫలానా మంగళవారం నాటి మబ్బును గురించి అది ఏమీ చెప్పదు. చెప్పగలనని అనలేదు కూడా. పంచాంగంలోని నవనాయకుల ఫలితాలది ఇంకా పెద్ద కొలత. ఉగాది నాటి వారాన్ని బట్టి రాజును, సూర్యుడు ఆర్ద్రలో ప్రవేశించిన వారాన్ని బట్టి మేఘాధిపతిని నిర్ణయించి, మొత్తం సంవత్సరానికి ఫలం చెబుతారు.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. నక్షత్రాలను ఆధారంగా చేసుకొన్న కార్తె ఋతువులతో పూర్తిగా కలిసి నడవదు. విషువచ్చలనం కారణంగా సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఋతుచక్రంలో వెనుకకు జరుగుతుంది. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు పట్టాభిషిక్తుడైన 1022 నుండి నేటికి ఈ తేడా దాదాపు 14 రోజులు, అంటే సరిగ్గా ఒక కార్తె. నిడదవోలు నిరవద్యపురంగా పేరొందిన తూర్పు చాళుక్యుల కాలంలో రోహిణి కార్తె నేటి కృత్తిక కార్తె రోజుల్లో వచ్చేది. కనుక రోహిణి ఎండల సామెతను అనాదిగా వస్తున్న పరిశీలనగా భావించడం కంటే, ఇటీవలి కొన్ని శతాబ్దాల అనుభవంగా భావించడమే సమంజసం. కార్తెల జ్ఞానం స్థిరమైనదన్న అభిప్రాయానికి ఇది చిన్న సవరణ.

ఆనకట్టకు ముందు, తరువాత

ఆనకట్టకు పూర్వం గోదావరి మండలంలో వరి ప్రధానంగా నైరుతి వానలమీద, నది వరదమీద ఆధారపడిన పంట. వేసవిలో చేలు ఖాళీగా ఉండేవి. అశ్విని, భరణి కార్తెల్లో జల్లు పడితే నేల మెత్తబడి వేసవి దుక్కికి వీలయ్యేది, పశువులకు పచ్చిక మొలిచేది. ఆ వానవల్ల పాడయ్యే వరి చేలో లేదు. వేసవిలో భయమంతా తుఫానుదే. 1787 మే నెలలో కోరంగిని ముంచిన ఉప్పెన వేసవి తుఫానుదే. 1789, 1839 సంవత్సరాల్లో అదే రేవు మళ్ళీ దెబ్బతిన్నది. 1832-33 నాటి నందన కరువు కూడా తోడై, 1821లో 7,38,308గా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. ఆర్థర్ కాటన్ నివేదికకు, 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు నేపథ్యం ఈ పతనమే.

ఆనకట్ట వల్ల విజ్జేశ్వరం నుండి పశ్చిమ డెల్టాకు కాలువ నీరు అందింది. ఏలూరు కాలువ నిడదవోలు మీదుగా సాగింది. అయినా తొలివేసవి వాన అర్థం వెంటనే మారలేదు. ప్రధాన పంట సార్వాయే. పూడిక తీయడానికి, మరమ్మతులకు వేసవిలో కాలువలు కట్టివేయడం ఆనవాయితీ. ఇరవయ్యవ శతాబ్దం రెండవ సగంలో స్వల్పకాలిక వరి వంగడాలు రావడం, సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుండి విడుదలయ్యే నీరు వేసవిలో గోదావరికి తోడవడం వల్ల దాళ్వా విస్తరించింది. దానితో కోతకాలం నేరుగా పిడుగుల వానల కాలంలోకి వచ్చి పడింది.

కోతయంత్రం ఈ చిక్కును మరింత పెంచింది. చేతికోత రోజుల్లో పనలు ఆరిన తరువాత కుప్ప వేసేవారు. చక్కగా వేసిన కుప్ప చిన్నపాటి వానను పైనుండే జార్చివేసేది. నూర్పిడికి తొందర ఉండేది కాదు. యంత్రం కోసిన ధాన్యం పచ్చిగా, గింజగా విడిపడి వస్తుంది. దానిని కొన్ని రోజులపాటు ఎండలో పరచి తీరాలి. కుప్పకు ఉన్న రక్షణ రాశికి లేదు. వారపు వాతావరణ సూచన ఈ ప్రాంతానికి అత్యవసరమైనది ఇందువల్లనే.

రేవుల నుండి పొలాలకు

వాతావరణశాస్త్రం మొదట రైతుకోసం పుట్టలేదు. 1864 నాటి కలకత్తా తుఫాను తరువాత ఓడరేవులకు హెచ్చరికలు పంపే ఏర్పాటు జరిగింది. వానలు విఫలమై కరవులు సంభవించిన దరిమిలా 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. తెలుగునాట అంతకుముందే, 1840లో, గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో వేధశాలను నెలకొల్పారు. అనంతరం అంకితం వెంకట నరసింగరావు అక్కడ ఖగోళ పరిశీలనలతోపాటు వాతావరణ పరిశీలనలనూ కొనసాగించారు. రైతులకు ప్రత్యేకంగా ఆకాశవాణి ద్వారా వాతావరణ సమాచారం ఇవ్వడం 1945లో మొదలైంది. విజయవాడ కేంద్రం ప్రారంభమైన 1948 తరువాతనే డెల్టా గ్రామాలకు దగ్గరి తెలుగు గొంతు లభించింది.

తుఫాను విషయంలో హెచ్చరిక ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో మృతులు పదివేల మంది వరకు ఉన్నారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం సమీపంలో తీరం దాటిన తుఫాను కూడా తీవ్రమైనదే. గోదావరి జిల్లాలూ దెబ్బతిన్నాయి. అప్పుడు మరణించినవారు 967 మంది. జనాన్ని ముందుగా తరలించడం ఈ తేడాకు ముఖ్యకారణం. ఆకాశంలో అప్పటికప్పుడు పేరుకొనే క్యుములోనింబస్ మేఘం విషయంలో అంత ముందుచూపు సాధ్యం కాదు.

వేసవి వారపు సూచనలో రెండు విషయాలు ఎదురెదురుగా నిలుస్తాయి. పడమటి నుండి పొడి వేడిగాలి వీస్తే ఎండ ముదురుతుంది. మైదానాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలిగా ప్రకటిస్తారు. ధాన్యం ఆరడానికి ఆ ఎండ మేలు. ధాన్యాన్ని తిరగవేసే కూలీకి అది ప్రాణాంతకం. 2003లో, 2015లో ఆంధ్రదేశంలో వడదెబ్బకు పోయిన ప్రాణాలు వేలల్లో ఉన్నాయి. సముద్రం నుండి తేమగాలి వచ్చి, లోపలి భూభాగం మీద ఏర్పడిన ద్రోణితో కలిస్తే మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. డెల్టా తలభాగాన ఉన్న నిడదవోలు ఈ రెండు గాలుల సరిహద్దులో ఉంది.

నేడు జిల్లాలవారీగా అయిదు రోజుల సూచన వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహాలతో వెలువడుతున్నది. 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాలో చాలాకాలం ఉన్న నిడదవోలు, 2022 ఏప్రిల్ 4 నుండి రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరిలో చేరింది. గాలి మారకపోయినా, రైతు చూసుకోవలసిన జిల్లా పేరు మారింది. ఆ సూచనల్లో తరచు కనిపించే ‘ఒకటి లేదా రెండు చోట్ల’ అన్న మాటకు వాతావరణ శాఖలో నిర్దిష్టమైన అర్థముంది: ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించనిచోట్ల వాన. తన కళ్ళం ఆ నాలుగో వంతులో ఉన్నదో లేదో రైతుకు తెలియదు. అందుచేత పొద్దున తీసిన బరకాన్ని సాయంత్రం మబ్బు కనిపించినా, కనిపించకపోయినా ధాన్యం రాశిమీద మళ్ళీ కప్పుతున్నాడు.