స్కానరు కిందికి రాని చరిత్ర

దేశ సాంస్కృతిక వారసత్వాన్ని కంప్యూటర్లలో భద్రం చేస్తున్నామని ప్రభుత్వాలు చెప్పుకోబట్టి ఇరవై ఏళ్లు దాటింది. దేశం అంటే ఎవరు, వారసత్వం అంటే ఎవరి ఇంటి అటక మీది కాగితాలు అని మేం అడగదలిచాం.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతే తీసుకుందాం. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలన్న అంతర్జాతీయ పథకంలో భాగంగా 2000 తర్వాతి తొలి ఏళ్లలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వగైరా సంస్థలు దీన్ని నడిపాయి. స్కానింగు ఎక్కడెక్కడ జరిగిందో చూడండి: హైదరాబాదు గ్రంథాలయాలతో పాటు తిరుమల తిరుపతి దేవస్థానం, శృంగేరి పీఠం, మేల్కోటె సంస్కృత పరిశోధనా సంస్థ. ఇందులో కుట్ర ఏమీ అక్కర్లేదు. యంత్రం బీరువాలో ఉన్నదాన్నే కాపీ చేస్తది. బీరువాలోకి ఏది రావాలో కులం ఎప్పుడో తేల్చేసింది. మాదరి భాగయ్య, అంటే మన భాగ్యరెడ్డివర్మ, 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు, 1931లో 'భాగ్యనగర్' పత్రిక మొదలుపెట్టారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. ఇట్లాంటి పత్రికలకు చందా కట్టి, బైండు చేయించి దాచిన గ్రంథాలయాలు ఎన్ని? పి.ఆర్. వెంకటస్వామి హైదరాబాదు దళితోద్యమ చరిత్రను 1955లో ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా అచ్చు వేయకపోతే ఆ కాలం చాలామటుకు మనకు దక్కేదే కాదు.

ఆ స్కాన్లు వద్దనడం లేదు. పట్నం మొఖం చూడని విద్యార్థి ఫోనులో పాత పుస్తకం తెరుస్తున్నాడంటే చిన్న విషయం కాదు. అయితే తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతడకగా ఎక్కించిండ్రు. పేరు తప్పయితే పుస్తకం ఉన్నా లేనట్టే.

అంబేద్కర్ రచనలు ఇవాళ ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతున్నాయి. కానీ ఆయన పోయింది 1956లో. మహారాష్ట్ర ప్రభుత్వం మొదటి సంపుటం తెచ్చింది 1979లో. ఆ మధ్య అచ్చుకాని రాతప్రతులు పెట్టెల్లో మగ్గాయి. వసంత్ మూన్ లాంటివాళ్లు పట్టుబట్టి వాటిని బయటికి తీశారు. హిందూమతంలోని చిక్కుముడుల మీది రచన 1987లో వెలువడితే శివసేన రచ్చ చేసింది, దళితులు బొంబాయి వీధుల్లోకి వచ్చి దాన్ని నిలబెట్టుకున్నారు. స్కానింగు ఆ తర్వాతి పని, అన్నిటికన్నా సులువైన పని.

అసలు కాగితమే లేని చరిత్ర సంగతేంటి? జాంబపురాణం డక్కలి వాళ్ల నోట బతికింది. మాదిగ ఇళ్ల ముందు కథ చెప్పడం వాళ్ల మిరాశీ హక్కు. ఆ కథను వీడియో తీసి నెట్టులో పెడితే హక్కు ఎవరిది? కథకుడిదా, కెమెరా తెచ్చిన పరిశోధకుడిదా? ఇదేం ఊహాగానం కాదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాట సినిమాకెక్కింది, లక్షల మంది చూసిండ్రు. 2024లో ఆయన కూలి పనికి పోతున్నాడని పత్రికలే రాశాయి. కళ భద్రంగానే ఉన్నది, కళాకారుడే లేడు ఆ లెక్కలో. అందుకే రికార్డు చేసే ముందే కథకుడి పేరు, వాటా, చూపకూడదన్న భాగాన్ని ఆపుకునే హక్కు రాతపూర్వకంగా ఉండాలంటున్నాం. పరిశోధకులమైన మాకూ ఇది వర్తిస్తుంది.

ఇక మన ఇళ్లల్లో ఉన్నవి. కారంచేడు (1985), చుండూరు (1991) నాటి కరపత్రాలు, సభల ఫోటోలు, పాటల క్యాసెట్లు. చౌక కాగితం పచ్చబడి విరుగుతున్నది, టేపుకు బూజు పడుతున్నది, క్యాసెట్టు పెట్టే మిషనే దొరకడం లేదు. వీటిని ఏ సంస్థా అడగలేదు. ఎక్కించేటప్పుడు ఫోటోలో ఉన్నదెవరో, పాట కట్టిందెవరో, ఏ ఊరో, ఏ ఏడో పక్కనే తెలుగులో రాయండి. ఆ పేర్లు చెప్పగలిగిన పెద్దలు ఇంకా కొందరున్నారు.